బులెట్ నోరు మూయించిన ఏడు ఆదివారాలు

జూన్ 5, గురువారం

సైలెన్సర్ మోత ఎక్కువని హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ పోలీసులు ఆపారు. బండి 2014 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, అందరూ బులెట్ అనేదే. నేను మూడో ఓనర్ని. సైలెన్సర్ నేను పెట్టించింది కాదు, బండితో పాటే వచ్చింది. అదే చెప్పాను.

"ముందటాయన పెట్టిండు, సరే. ఇప్పుడు రేజ్ చేస్తున్నది ఎవరు?" అన్నారు కానిస్టేబుల్. దానికి నా దగ్గర జవాబు లేదు.

మళ్ళీ ఒకసారి రేజ్ చెయ్యమన్నారు, చేశాను. పక్కన ఆటోలో కూర్చున్న ఆవిడ చెవులు మూసుకుంది. ఏ మీటరు పెట్టి చూశారు సార్ అని అడిగితే ఆయన నవ్వి, తన చెవి మీద వేలితో రెండుసార్లు తట్టారు. ఫోటో తీసుకున్నారు. తార్నాక దాటకముందే మెసేజ్ వచ్చింది: 1000 రూపాయలు, దాని మీద యూజర్ ఛార్జీలు 35. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2).

ఇంటికొచ్చి ఆ సెక్షన్ చదివాను. 2019 సవరణ తర్వాత చట్టంలో ఉన్న గరిష్ఠ జరిమానా 10,000. మొదటిసారికే మూడు నెలల దాకా జైలు కూడా వెయ్యొచ్చు, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. వెయ్యితో పోయిందని సంతోషపడాలో, చెవితో కొలిచి వెయ్యి తీసుకున్నారని ఏడవాలో తేలలేదు. ఏడుపే గెలిచింది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ అసిస్టెంట్‌ని నేను. మీటరు నేనే చేస్తాను. నా బండి ఎంత చప్పుడు చేస్తుందో కాగితం మీద పెట్టి ఈ చలానా మీద కొట్లాడతాను. ప్రాజెక్టు అలా మొదలైంది. ఈ డైరీ అందుకే.

జూన్ 8, ఆదివారం

సామాను: ఈఎస్‌పీ32 బోర్డు (ప్రోగ్రాము నడిపే చిన్న కంప్యూటర్ లాంటిది) ఒకటి, ఐఎన్‌ఎంపీ441 మైకు ఒకటి, చిన్న ఓఎల్‌ఈడీ తెర, పాత పవర్ బ్యాంకు. మొత్తం వెయ్యి లోపే. చలానా కంటే తక్కువ అని భార్యకి చెబితే, "అయితే రెండూ కలిపి రెండు వేలు" అంది.

ఈ మైకు సొంతంగా డిజిటల్ సిగ్నల్ ఇస్తుంది, విడిగా యాంప్లిఫయర్ అక్కర్లేదు. పొద్దున రెండు గంటలు ఉత్త సున్నాలే వచ్చాయి. లోపం ఎల్/ఆర్ పిన్నులో ఉంది. దాన్ని గ్రౌండుకి కలపకుండా గాలికి వదిలేశాను. మైకు కుడివైపు చానల్లో మాట్లాడుతుంటే నా ప్రోగ్రాము ఎడమవైపు వింటూ కూర్చుంది. చిన్న వైరు ముక్కతో పోయింది.

అసలు పని ఏ-వెయిటింగ్ ఫిల్టరు. డెసిబెల్ పక్కన 'ఏ' అని రాసేది దీని గురించే. మన చెవి లోతు చప్పుళ్ళని సరిగా పట్టించుకోదు కాబట్టి మీటరు కూడా వాటిని తగ్గించి లెక్కెయ్యాలి. 1000 హెర్ట్జ్ దగ్గర తగ్గింపు ఉండదు. 100 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెల్స్, 50 దగ్గర 30 తగ్గిస్తుంది. అప్పుడు దీన్ని పరీక్షలో రాసే విషయంలాగే చూశాను. వారం తర్వాత ఇదే నా మొహం మీద కొట్టింది.

జూన్ 12, గురువారం

పర్యావరణ కన్సల్టెన్సీలో చేసే నా క్లాస్‌మేట్ ఒకడున్నాడు. వాడి దగ్గర క్లాస్-2 సౌండ్ మీటరు, కాలిబ్రేటరు ఉన్నాయి. కాలిబ్రేటరు అంటే ఇంజెక్షన్ సీసా సైజు డబ్బా. మైకుకి తొడిగి బటన్ నొక్కితే 1000 హెర్ట్జ్‌లో సరిగ్గా 94 డెసిబెల్స్ కూత పెడుతుంది. ఇంకో బటన్‌కి 114. నా మీటరు 92.6 చూపించింది, రెండోదానికి 112.6. రెండింటికీ 1.4 తేడానే ఉందంటే మీటరు వంకరగా లేదు, ఒక మెట్టు కింద ఉంది, అంతే. ప్రోగ్రాములో 1.4 కలిపేశాను.

వాడి మీటరు కూడా నెల రోజులకి అడిగి తెచ్చుకున్నాను. "పోలీసుల మీద కేసా?" అన్నాడు. అబ్బే, కొలతే అన్నాను.

జూన్ 15, ఆదివారం

ఆగి ఉన్న బండి చప్పుడు కొలవడానికి ఐఎస్‌ఓ 5130 అనే పద్ధతి ఉంది. సైలెన్సర్ మూతికి అర మీటరు దూరంలో, గొట్టం చూసే దిక్కుకి 45 డిగ్రీల పక్కగా, మూతి ఎత్తులోనే మైకు పెట్టాలి. చుట్టూ ఉన్న రొద బండి చప్పుడు కంటే కనీసం 10 డెసిబెల్స్ తక్కువ ఉండాలి. ఇంజను ఏ వేగంలో గరిష్ఠ శక్తి ఇస్తుందో చూసుకుని, అది 5000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దాటిన మోటారు సైకిళ్ళకి అందులో సగం దగ్గర నిలకడగా పట్టుకుని, ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలెయ్యాలి. వదిలేటప్పుడు వచ్చే చప్పుడు కూడా లెక్కే. మా బండి గరిష్ఠ శక్తి 5250 దగ్గర. అంటే 2625 ఆర్‌పీఎం దగ్గర పట్టుకోవాలి.

పట్టుకోవడానికి ఈ బండికి ఆర్‌పీఎం మీటరే లేదు!

అరగంట తల గోక్కున్నాక తట్టింది. సింగిల్ సిలిండర్, ఫోర్ స్ట్రోక్. రెండు చుట్లకి ఒక గుద్దు. 2625 చుట్లంటే నిమిషానికి 1312 గుద్దులు, సెకనుకి దాదాపు 22. ఫోన్‌లో రికార్డు చేసి, లాప్‌టాప్‌లో ఆ అల గీత తెరిచి, ఒక్క సెకను ముక్క కోసి గుద్దులు లెక్కపెట్టాను. మొదటిసారి 31. తగ్గించి మళ్ళీ, 26. నాలుగో ప్రయత్నంలో 22 వచ్చింది. యాక్సిలరేటర్ పిడి మీద, దాని పక్కన కవరు మీద తెల్ల టేపు ముక్కలు అతికించాను. రెండు ముక్కలూ ఎదురెదురుగా వస్తే 2625. గీతలో ఒక్కో గుద్దూ విడివిడిగా, చెరుకు గడ కణుపుల్లా కనబడుతుంటే చూడముచ్చటగా ఉంది. ఐడిలింగ్‌లో సెకనుకి ఎనిమిది. బులెట్ వాళ్ళు డుగ్ డుగ్ అని మురిసిపోయేది ఆ ఎనిమిదికే.

ఇక కొలత. నా మీటరు: 99.2, 99.1, 99.2. మూడుసార్లూ ఒక్కటే. ఎవరికైనా సంతోషంగా ఉండాలి. ల్యాబ్‌లో పిల్లల రికార్డులు దిద్దేవాడికి మాత్రం ఇంత పొందిక చూస్తే అనుమానం వస్తుంది, ఎక్కడో కాపీ జరిగిందని. ఫిల్టరుకి ముందున్న పచ్చి సిగ్నల్ తెరిచి చూస్తే కణుపుల తలలన్నీ కత్తెరేసినట్టు చదునుగా ఉన్నాయి. ఈ మైకు 120 డెసిబెల్స్ దాకానే తట్టుకుంటుంది. ఏ-వెయిటింగ్ వేశాక వంద చిల్లర కనిపించే బులెట్ చప్పుడు, వెయ్యకముందు మూతి దగ్గర దాన్ని దాటిపోతోంది. ఎందుకంటే అందులో ఎక్కువ భాగం లోతు గుద్దే. ఫిల్టరు దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది, కానీ మైకు దాకా అది వచ్చి కొట్టే దెబ్బ నిజమే. కిటికీ అద్దాలు వణికేది, పార్కింగ్‌లో కార్ల అలారాలు మోగేది ఆ దెబ్బకే.

ఇక దగ్గర కొలతలకి అరువు మీటరు, దూరం కొలతలకి నాది అని తీర్మానం. అరువు మీటరుతో: 105.5, 106.1, 105.7. పెద్దదే ముఖ్యం కాబట్టి 106.

ఇంటి ఓనర్ గారు పైనుంచి, "ఏం బాబూ, బండి అమ్ముతున్నవా? పొద్దటి సంది చూపిస్తనే ఉన్నవ్" అన్నారు.

జూన్ 16, సోమవారం

రాత్రి కూర్చుని లెక్కలు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ నిబంధన సైలెన్సర్ గురించి. శబ్దం పరిమితులు పర్యావరణ పరిరక్షణ నిబంధనల్లో ఉన్నాయి: 80 సీసీ లోపు ద్విచక్ర వాహనానికి 75, 80 నుంచి 175 దాకా 77, 175 దాటితే 80 డెసిబెల్స్. కారుకైతే 74. బులెట్‌కి 80 ఇచ్చారు, కారు కంటే ఎక్కువ. దయగల ప్రభుత్వం.

కానీ ఆ 80 ఏడున్నర మీటర్ల దూరంలో. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుందన్న లెక్కన అర మీటరు నుంచి ఏడున్నరకి 23.5 తగ్గాలి. 106లోంచి తీసేస్తే 82.5. రెండున్నరే ఎక్కువ! దీనికి వెయ్యి రూపాయలా? కాగితం మీద పెద్దక్షరాలతో రాసి కింద గీత కూడా గీశాను. ఆ కాగితం ఇప్పటికీ ఉంది, నా తెలివికి గుర్తుగా.

జూన్ 18, బుధవారం

ఆ కాగితం, గీతల ప్రింటు తీసుకుని ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. ఎస్సై గారు కుర్చీ చూపించారు, అంతా ఓపిగ్గా విన్నారు. టేపు ముక్కల సంగతికి నవ్వారు కూడా. చివర్లో ఒకే ప్రశ్న వేశారు.

"ఇదంతా సరే బాబూ. ఈ సైలెన్సర్ కంపెనీ బండితో ఇచ్చిందేనా?"

"కాదు సార్."

"ఇంక మీటరెందుకు?"

ఆయన అన్నది సెక్షన్ 52 గురించి. రిజిస్ట్రేషన్‌లో ఉన్న, తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్నే గట్టిగా చెప్పింది. మార్పు చేసిన ఓనర్‌కి సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకి 5000, లేదా ఆరు నెలల దాకా జైలు. అది మీ మీద రాయలేదు, శబ్దం సెక్షన్ రాశారు, అది తక్కువది, అన్నారు. టీ తెప్పించారు. తాగి వచ్చాను.

దారిలో ఆలోచిస్తే తెలిసింది. ఎన్ని డెసిబెల్స్ అని నేను పది రోజులుగా చేస్తున్న రచ్చ వాళ్ళ పట్టికలోనే లేదు. రోడ్డు మీద నిలబడ్డ మనిషి చూసేది గొట్టం ఆకారం, వినేది తేడా. కాలిఫోర్నియాలో ఉన్న మా పెదనాన్న కొడుకుకి ఫోన్ చేశాను, వాడికీ కారు విషయంలో ఇలాంటి టికెట్టే పడింది గతంలో. అక్కడ చట్టంలో అంకె ఉంది: 6000 పౌండ్ల లోపు కారుకి 95 డెసిబెల్స్. రెఫరీ కేంద్రానికి తీసుకెళ్తే కొలిచి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటూ ఉంది. కానీ 2019 జనవరి నుంచి బాగుచేయించి చూపిస్తే జరిమానా మాఫీ అనే వెసులుబాటు తీసేశారు. "రోడ్డు మీద ఆపినాయన దగ్గర ఇక్కడా మీటరు ఉండదురా, చెవే" అన్నాడు వాడు.

అంకె అక్కర్లేకపోయినా నాకు అంకె కావాలి. కొట్లాటకి కాదు, ఇప్పుడు కుతూహలం.

జూన్ 22, ఆదివారం

పరిమితికి అసలు పరీక్ష ఐఎస్ 3028 అనే భారతీయ ప్రమాణంలో ఉంది. బండి నడుస్తూ ఉండాలి. 20 మీటర్ల గీత, మధ్యలో రోడ్డు మధ్య గీతకి ఏడున్నర మీటర్ల దూరాన, 1.2 మీటర్ల ఎత్తులో మైకు. నిర్ణీత వేగంతో వచ్చి, గీతలోకి రాగానే యాక్సిలరేటర్ మొత్తం తిప్పేసి బయటికి పోవాలి.

హైదరాబాద్‌లో ఖాళీ రోడ్డు ఎక్కడ? ఘట్‌కేసర్ అవతల వెంచర్లలో. నలభై అడుగుల సిమెంటు రోడ్లు, రెండువైపులా తెల్ల రాళ్ళు, ఎండిపోయిన మొక్కలు, గేటు దగ్గర 'క్లబ్ హౌస్' బోర్డు, ఒక్క ఇల్లూ ఉండదు. శబ్ద పరీక్షకి ఇంతకంటే ఏం కావాలి. వాచ్‌మన్ తాతకి విషయం చెబితే, "ప్లాట్ కొన్నాక చేసుకో" అన్నాడు. తర్వాత తనే గొడుగు పట్టుకుని మైకు స్టాండు పక్కన కూర్చున్నాడు, చినుకులు పడుతున్నాయని.

క్లాస్‌మేట్ మీటరు దగ్గర, నేను బండి మీద. మైకుకి దిండులోంచి తీసిన స్పాంజి ముక్క తొడిగాం, లేకపోతే గాలే 70 చూపిస్తోంది. ఆరు పరుగులు. 93.4, 94.1, 93.8, 94.0, ఒకటి వానకి పోయింది, 93.7.

94. నా కాగితం చెప్పింది 82.5.

తప్పెక్కడో అక్కడికక్కడే అర్థమైంది. నిలబెట్టి సగం ఆర్‌పీఎంలో పట్టుకున్న ఇంజను ఆవలిస్తున్న ఇంజను. మొత్తం తిప్పి లాగించినప్పుడు సిలిండర్‌లోకి పోయే మిశ్రమమే వేరు, గొట్టంలోకి వచ్చే దెబ్బే వేరు. లైనులో నిలబెట్టిన బండి లెక్కని రోడ్డు మీద పరిగెత్తే బండికి అతికించాను. 80కి 94కి మధ్య 14 డెసిబెల్స్. పది పెరిగితే చెవికి రెట్టింపు వినిపిస్తుందంటారు. శక్తి లెక్కలో అయితే 25 రెట్లు.

మీటరు తయారుచేసిందే నా తరఫున సాక్ష్యం చెప్పిద్దామని. అది వాళ్ళవైపు చెప్పింది. రాత్రికి చలానా కట్టేశాను, 1035.

జూన్ 29, ఆదివారం

ఒరిజినల్ సైలెన్సర్ కొనకుండా దీన్నే తగ్గించొచ్చేమో చూద్దాం అనే పిసినారి ఆలోచన. రామంతాపూర్‌లో నా పాత మెకానిక్ భాయ్ షెడ్డు.

వెనక మూత రివెట్లు డ్రిల్లుతో తీస్తే లోపల ఏముందో తెలిసింది: దాదాపు ఏమీ లేదు. చిల్లుల గొట్టం ఒకటి ఆ చివర నుంచి ఈ చివరకి తిన్నగా. దాని చుట్టూ ఉండాల్సిన గ్లాస్ వూల్ (గాజు పీచు) కాలి, ఎగిరిపోయి, నల్లటి పీచు గుప్పెడు మిగిలింది. ఒరిజినల్‌లో అయితే గదులు, అడ్డు రేకులు ఉంటాయి. పొగ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మెలికలు తిరిగి, దెబ్బ చల్లారి బయటికొస్తుంది. దీంట్లో ఇంజన్ గుద్దు సరాసరి వీధిలోకే.

"అన్నా, ఇది సైలెన్సర్ కాదు. పైపుకి చొక్కా తొడిగిండ్రు" అన్నాడు భాయ్.

కొత్త గ్లాస్ వూల్ అరకిలో గట్టిగా చుట్టి, సన్నటి స్టీలు తీగతో కట్టి, మూత వేసి రివెట్లు కొట్టాం. చేతి తొడుగులు వేసుకోమని భాయ్ చెప్పాడు. వినలేదు. రెండు రోజులు చేతులు, మెడ ఒకటే దురద, కొబ్బరినూనె కూడా పని చెయ్యలేదు.

అర మీటరు దగ్గర: 106 కాస్తా 101. అయిదు తగ్గింది. చెవికి మాత్రం పదును తగ్గి గుద్దు అలాగే ఉంది. పీచు సన్న చప్పుళ్ళని తాగుతుంది, లోతు వాటిని ముట్టుకోదు.

జూలై 6, ఆదివారం

డీబీ కిల్లర్. సైలెన్సర్ మూతిలో దూర్చే బిరడా లాంటిది. ఆన్‌లైన్‌వి మా గొట్టానికి సరిపోవు, భాయ్ స్టీలు పైపు ముక్క కోసి, ఒక చివర మూసి, పక్కల చిల్లులు పెట్టి, ఒక బోల్టుతో బిగించాడు. కొలిస్తే 97. అబ్బో అనుకున్నాను. దగ్గర్లో ఖాళీ రోడ్డు మీద ఒక పరుగు, ఏడున్నర మీటర్ల దగ్గర 88.

బండి మాత్రం 70 దాటడానికి మొరాయిస్తోంది. ఊపిరాడని మనిషిలా ఉంది. యాక్సిలరేటర్ వదిలితే పటపటా పేలుడు. ఎక్కడో కీలు దగ్గర గాలి దూరుతోంది, మిశ్రమం పలచబడి కాలని పెట్రోలు గొట్టంలో అంటుకుంటోంది అన్నాడు భాయ్.

జూలై 8, మంగళవారం

నాగోలు దగ్గర కిల్లర్ ఊడిపోయింది. బోల్టు వణుకుకి వదులై, ఇంత ఇనప ముక్క ఠంగుమని రోడ్డు మీద పడి దొర్లింది. వెనక స్కూటీ మీద వస్తున్న అమ్మాయి పక్కకి తప్పించుకుంది. ఆగి ఏమీ అనలేదు, ఒక్క చూపు చూసి వెళ్ళింది. ముక్క తీసుకుందామంటే కాలిపోయేంత వేడి. చేతిరుమాలు చుట్టి తెచ్చాను. ఆ అమ్మాయి చక్రం కిందకి అది వెళ్ళుంటే అనే ఆలోచన రాత్రంతా వదల్లేదు. అతుకుల పని ఇక్కడితో బంద్.

జూలై 12, శనివారం

రెండో శనివారం సెలవు. రాణిగంజ్. ఆదివారం అక్కడ చాలా షాపులు మూసేస్తారు, అందుకే ఈ రోజే.

ఒరిజినల్ సైలెన్సర్ కొత్తది ఖరీదు చూసి పాతదాని వేటలో పడ్డాను. మొదటి షాపులో చూపించినది మెరుస్తోంది, ధర 900. అక్కడే వేలాడుతున్న మోత సైలెన్సర్లు: పంజాబీ, ఇండోరీ, గోల్డ్‌స్టార్, లాంగ్ బాటిల్... వరసగా, పట్టపగలు, జీఎస్టీ బిల్లుతో సహా. అమ్మడం ఇంత దర్జాగా, పెట్టుకున్నవాడికి మాత్రం చలానా. మూలం వదిలేసి కొమ్మలు నరకడం నాకు నచ్చదు. పట్టుకున్న సైలెన్సర్లని రోడ్డు మీద పరిచి రోడ్ రోలర్‌తో తొక్కించే వీడియోలు చూసినప్పుడల్లా, అక్కడ తొక్కించినవే ఇక్కడ మళ్ళీ కొంటారు కదా అనిపిస్తుంది. 2021 జూలైలో అలహాబాద్ హైకోర్టు లక్నో బెంచి మార్చిన సైలెన్సర్ల మీద తనంతట తానే కేసు తీసుకుంది. నాలుగేళ్ళయినా ఈ వరస ఇలాగే వేలాడుతోంది.

ఆ 900 సైలెన్సర్ ఎత్తి చూస్తే తేలిగ్గా ఉంది. భాయ్ చెప్పి పంపించాడు: "చూడకు, ఎత్తు. వంచి ఊపు." లోపల అడ్డు రేకులుంటే బరువు చేతికి తెలుస్తుంది. విరిగితే గలగలమంటాయి. మూడో షాపులో దొరికింది, యాక్సిడెంట్ బండి నుంచి తీసినది, పక్కన చిన్న సొట్ట, క్రోమ్ కొంచెం పొక్కింది. కాటా వేయించాను. నాదానికి దాదాపు రెట్టింపు. 2200 చెప్పి 1700కి ఇచ్చాడు. షాపు పెద్దాయన బిల్లు రాస్తూ, "అందరూ ఇది తీసి అది పెట్టిస్తరు, నువ్వు ఉల్టా వచ్చినవేంది బేటా" అన్నాడు.

జూలై 13, ఆదివారం

బిగించడం గంట పని అనుకున్నాం, నాలుగు గంటలు పట్టింది. బెండ్ పైపు కీలు దగ్గర క్లాంపు తుప్పు పట్టి కదల్లేదు. డీజిల్ పోసి, సుత్తితో మెల్లగా తట్టి, చివరికి బోల్టు తల విరిగింది. గ్రైండర్‌తో కోశాం. కొత్త క్లాంపు 60. ఇంజన్ మూతి దగ్గర గ్యాస్కెట్ అప్పడంలా పొడైపోయి ఉంది, పటపట పేలుడుకి కారణం అదే. కొత్తది వేశాం. వెనక ఫుట్‌రెస్ట్ దగ్గర బోల్టు రంధ్రం కొంచెం కలవలేదు, యాక్సిడెంట్ గుర్తు. పట్టీ వంచి కలిపాడు భాయ్.

కిక్ కొట్టాడు. నాకు మొదట బండి స్టార్టవ్వలేదనిపించింది.

జూలై 17, గురువారం

కింద వాటాలో ఓనర్ గారి అమ్మగారు మెట్ల దగ్గర ఆపింది. "నాలుగు రోజుల సంది బండి మీద పోతలేవా?" పోతున్నా అమ్మమ్మా అన్నాను. "మరి చప్పుడు?" తీయించేశానంటే ఆమె సంతోషపడలేదు. సాయంత్రం ఆరున్నరకి నా బండి చప్పుడు విని బీపీ మాత్ర వేసుకునేదట. ఈ నాలుగు రోజుల్లో రెండు మాత్రలు మర్చిపోయింది. ఫోన్‌లో అలారం పెట్టిచ్చాను. "ఇది గట్టిగ లేదు" అంది. పెంచాను.

జూలై 20, ఆదివారం

తుది కొలతలు. పొద్దున ఇంటి దగ్గర కొలుద్దామంటే బస్తీలో బోనాలు. వీధి చివర డప్పులు, చుట్టూ రొదే 85. బులెట్ దాని కింద వినబడనే లేదు. ఘట్‌కేసర్ వెంచర్‌కే పోయాం. వాచ్‌మన్ తాత ఈసారి గొడుగుతో పాటు కుర్చీ కూడా తెచ్చాడు.

ఆగి ఉన్నప్పుడు అర మీటరు దగ్గర, 2625లో: 88.
పరుగు, ఏడున్నర మీటర్లు: 80.2, 80.6, 79.9, 80.5.

నా మీటరు తేడా ఒకటి, ఒకటిన్నర డెసిబెల్స్ దాకా ఉండొచ్చు, రోడ్డు సిమెంటుది, గాలి కొంచెం ఉంది. కాబట్టి అర డెసిబెల్ గురించి ఎవరితోనూ వాదించను. మొదటి రోజుకీ దీనికీ తేడా పదమూడున్నర.

ఇంకో కొలత కూడా తీశాం. పాత సైలెన్సర్‌తో జూన్ 22న మూడో గేరులో 40 నుంచి 70కి ఎంతసేపు పడుతుందో వీడియో తీసి పెట్టుకున్నాను, సగటు 6.9 సెకన్లు. ఇప్పుడు 7.0. స్పీడోమీటర్ ముల్లు ఊగే ఊగుడులో ఆ 0.1 కనబడదు. "ఫ్రీ ఫ్లో (లోపల అడ్డు రేకుల్లేని సైలెన్సర్) పెడితే పికప్ పెరుగుద్ది" అని బండి అమ్మినాయన చెప్పిన మాట విలువ అదీ.

పాత సైలెన్సర్‌కి ఆన్‌లైన్‌లో 1500 దాకా ఇస్తామన్నారు ఇద్దరు కుర్రాళ్ళు. ఇవ్వలేదు. గ్రైండర్‌తో నిలువునా రెండు చెక్కలు చేశాం. ఒక చెక్క ల్యాబ్‌లో పెట్టాను, పిల్లలకి చూపించడానికి. ఇంకోటి పాత సామాన్లవాడికి.

జూలై 24, గురువారం

హబ్సిగూడ సిగ్నల్. అదే కానిస్టేబుల్. ఎదురుగానే ఆగాను, కావాలని ఒకసారి చిన్నగా రేజ్ కూడా చేశాను. ఆయన నా వెనక కేటీఎం బైకు వైపు చూస్తున్నారు.

తార్నాక దాకా వచ్చేసరికి ఎడమ కాలి దగ్గర గరగరమని ఏదో. క్లచ్ వదిలినప్పుడు ఎక్కువ, పట్టినప్పుడు తక్కువ. సాయంత్రం భాయ్‌కి వినిపించాను. ఇంజన్ కేసు మీద స్క్రూడ్రైవర్ ఆనించి, రెండో చివర చెవికి పెట్టుకుని విన్నాడు.

"ఇంజన్ లోపలి ప్రైమరీ చైన్ అన్నా. దాన్ని బిగువుగా పట్టే టెన్షనర్ పోయింది."

"కొత్తగా వచ్చిందా?"

"కొత్తదేం కాదు. ఏడాది నుంచి ఉండొచ్చు. మీకు ఇప్పుడు వినబడుతుంది."

ఆదివారం ఎడమ కవరు విప్పాలి. ఆయిల్ ఎలాగూ వంపాల్సిందే కాబట్టి కొత్త ఆయిల్, కవరు గ్యాస్కెట్, టెన్షనర్ తేవాలి. గ్యాస్కెట్ ముందు దొరుకుతుందో లేదో శనివారం కనుక్కోవాలి.